పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులో బెంచ్ మీద చిక్కుకున్న ఆటగాడు ఏం చేయాలి: నిమిషాల లెక్క నుంచి లోన్ కాగితాల దాకా

ట్రైనింగ్‌లో అందరితో సమానంగా, ఒక్కోసారి అందరికంటే బాగా ఆడుతున్నా మ్యాచ్ రోజు జాబితాలో పేరు మాత్రం పదకొండు దాటాకే కనిపిస్తోంది. ఇలాంటప్పుడు చాలామంది మొదట ఏజెంటుకు ఫోన్ చేస్తారు. అది మూడో పనో నాలుగో పనో కావాలి. మొదటి పని లెక్క రాసుకోవడం. ఒకే బెంచ్ మీద ఐదుగురు ఐదు కారణాలతో కూర్చుంటారు. మీది ఏ కారణమో తేలకుండా వేసే అడుగు ఏదైనా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

సీజన్ మొదలైనప్పటి నుంచి క్లబ్బు ఆడిన ప్రతి అధికారిక మ్యాచ్‌కూ ఒక వరస రాయండి. ఆ రోజు మీరు ఫిట్‌గా, సస్పెన్షన్ లేకుండా ఉన్నారా? జట్టులో పేరుందా? ఎన్నో నిమిషంలో దిగారు? దిగేసరికి స్కోరెంత? ఎవరి బదులు, ఏ స్థానంలో? గాయంతో దూరమైన మ్యాచ్‌లను మొత్తంలోంచి తీసేయండి. 38 మ్యాచ్‌ల లీగ్ అంటే 3,420 నిమిషాలు. ఆరు మ్యాచ్‌లు గాయంతో పోతే మిగిలేది 2,880. మీరు 600 నిమిషాలు ఆడి ఉంటే మొదటి లెక్కలో అది 17.5 శాతం, రెండో లెక్కలో దాదాపు 21. ఎవరితో మాట్లాడినా రెండో అంకెతోనే మాట్లాడాలి.

పది వరసలు నిండేసరికి కోచ్ మనసులో ఏముందో చాలావరకు తెలిసిపోతుంది.

జట్టు వెనకబడి ఉన్నప్పుడు 60వ నిమిషం దాటాక దించుతున్నారంటే, బంతి మీ కాళ్ల దగ్గర ఉన్నప్పుడు మీ మీద నమ్మకముంది. ప్రత్యర్థి కాళ్ల దగ్గర ఉన్నప్పుడు లేదు. వింగర్లకూ (మైదానం అంచుల వెంట దాడి చేసేవాళ్లు) అటాకింగ్ మిడ్‌ఫీల్డర్లకూ ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ఒక్క గోల్ ఆధిక్యాన్ని కాపాడుకోవాల్సిన చివరి పావుగంటలో దించుతున్నారంటే దానికి తిరగబడ్డ కథ: కష్టపడతారని నమ్ముతున్నారు, గెలిపిస్తారని కాదు. మూడు గోల్స్ ముందున్నప్పుడు 86వ నిమిషంలో దిగడాన్ని లెక్కలో వేసుకోండి గానీ, దాన్ని చూసి మురిసిపోకండి.

అన్నిటికంటే స్పష్టమైన సంకేతం వేరే ఉంది. మీ స్థానంలో ఆడేవాడికి గాయమైతే మిమ్మల్ని దించకుండా ఇంకో స్థానపు ఆటగాణ్ని అటు జరిపారా? అలా రెండుసార్లు జరిగితే మీరు వరసలో రెండో మనిషి కాదు, మూడో మనిషి. ట్రైనింగ్‌లో ఎంత మెరిసినా ఆ సీజన్‌లో ఈ వరస మారడం అరుదు.

ఇక ప్రతిసారీ ఒకే నిమిషానికి అటూ ఇటూగా దిగుతుంటే కాంట్రాక్టు కాగితాలు తీయండి. ఇన్ని మ్యాచ్‌లు ఆడితే కొని తీరాలనే షరతో, ఇన్ని మ్యాచ్‌లకు బోనస్ అనే షరతో అక్కడ ఉండొచ్చు. 2022-23 సీజన్ మొదట్లో బార్సిలోనా నుంచి లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, అట్లెటికో మాడ్రిడ్‌లో ఆడుతున్న ఆంట్వాన్ గ్రీజ్‌మన్ వరసగా గంట ఆట దాటాకే మైదానంలోకి వచ్చాడు. కొనుగోలు తప్పనిసరయ్యే షరతు అమల్లోకి రాకుండా ఉండేందుకేనని అప్పట్లో పత్రికలు రాశాయి. అక్టోబరులో రెండు క్లబ్బులూ కొత్త ధరకు ఒప్పుకున్నాయి, అతను మళ్లీ మొదటి పదకొండులోకి వచ్చాడు. అలాంటి చోట అదనంగా పరుగులు తీసి లాభం లేదు, సమస్య అకౌంట్స్ విభాగంలో ఉంది.

కోచ్‌తో మాట్లాడటం

మ్యాచ్ రోజు వద్దు, మర్నాడు వద్దు, జట్టు ప్రకటించడానికి ముందు రోజు అసలే వద్దు. వారం మధ్యలో, ట్రైనింగ్ అయ్యాక, ముందుగా అసిస్టెంట్ కోచ్‌తో చెప్పి పది నిమిషాలు అడగండి. ఒంటరిగా వెళ్లండి. ఏజెంటు పక్కన ఉంటే అది బేరం అవుతుంది, ఆట గురించిన మాట ఒక్కటీ బయటికి రాదు.

"నన్నెందుకు ఆడించట్లేదు?" అని అడిగితే "ఓపిక పట్టు, నీ టైమ్ వస్తుంది" అనే జవాబే వస్తుంది. ఆ మాటతో మీరు చేయగలిగింది ఏమీ లేదు. ఇలా అడిగి చూడండి: "బంతి మన దగ్గర లేనప్పుడు నేను ఎక్కడ నిలబడాలనుకుంటున్నారు? గత మూడు మ్యాచ్‌లలో నేను తప్పు చోట నిలబడ్డ సందర్భాలు వీడియోలో చూపిస్తారా?" వీడియో అనలిస్టు దగ్గర ఆ క్లిప్పులు ఉంటాయి. చూపించిన తప్పుల్లో రెండే ఎంచుకుని, "ఆరు వారాల తర్వాత మళ్లీ వచ్చి వీటి గురించే అడుగుతాను" అని చెప్పి రండి. ఆరు వారాలకు రెండూ సరిదిద్దుకున్నా నిమిషాలు పెరగకపోతే కారణం మీ ఆటలో లేదని తేలినట్టు. క్లిప్పులు చూపించడానికే కోచ్ ఆసక్తి చూపకపోతే ఆరు వారాలు ఆగక్కర్లేదు.

ఆడని కాళ్లకు అసలు ముప్పు

బెంచ్ ఆటగాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అదీ అవకాశం వచ్చిన రోజునే. పూర్తి మ్యాచ్ ఆడిన, గోల్‌కీపర్ కాని ఆటగాడు 10 నుంచి 12 కిలోమీటర్లు కదులుతాడు. అందులో చాలా భాగం నడక, నెమ్మది పరుగు. గంటకు 20 కిలోమీటర్లు దాటిన పరుగు వింగర్‌కో ఫుల్‌బ్యాక్‌కో (అంచున ఆడే డిఫెండర్) ఒక కిలోమీటర్ దాకా వస్తుంది. మర్నాడు ఆడినవాళ్లు విశ్రాంతి తీసుకుంటారు, ఆడనివాళ్లతో చిన్న మైదానంలో నలుగురికి నలుగురు చొప్పున ఆడిస్తారు. అందులో చెమట బాగా పడుతుంది, మలుపులు తిరగడం, ఆగి మళ్లీ కదలడం చాలా ఉంటాయి. కానీ 25 మీటర్ల మైదానంలో ఎవరూ పూర్తి వేగం అందుకోలేరు. అలా ఐదారు వారాలు గడిచాక ఒక్కసారిగా మొదటి పదకొండులో పేరు వస్తుంది, 70వ నిమిషంలో లాంగ్ బాల్ వెనక పరుగు తీస్తారు, తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ పట్టేస్తుంది. వచ్చిన అవకాశం స్ట్రెచర్ మీద వెళ్లిపోతుంది.

దీనికి విరుగుడు మ్యాచ్ అయిన వెంటనే, ప్రేక్షకులు లేచి వెళ్తుండగానే అదే మైదానంలో 15-20 నిమిషాల పని. 60-70 మీటర్ల పరుగులు ఆరు నుంచి ఎనిమిది, మీ గరిష్ఠ వేగంలో 80-85 శాతంతో, నడుస్తూ వెనక్కి రావాలి. తర్వాత 30-40 మీటర్ల పూర్తి స్ప్రింట్లు నాలుగు, ఒక్కోదాని మధ్య నిమిషంన్నర విశ్రాంతి. ఆ రోజు అరగంటకు మించి ఆడి ఉంటే ఇందులో సగం చాలు. వారంలో కనీసం ఒక్కసారైనా జీపీఎస్ చొక్కా మీద మీ గరిష్ఠ వేగంలో 90 శాతం దాటిన అంకె కనిపించాలి. కనిపించకపోతే ఫిట్‌నెస్ కోచ్‌ని మీరే అడగండి. ఆయన దృష్టి ఆడే పదకొండు మంది మీద ఉంటుంది, అది సహజం.

నెలకొకసారైనా రిజర్వ్ జట్టుతో 90 నిమిషాలు ఆడనివ్వమని అడగడం నామోషీ కాదు. 80వ నిమిషంలో అలసిన కాళ్లతో తీసుకునే నిర్ణయాలు ఏ ట్రైనింగ్‌లోనూ అలవాటు కావు.

ఆ ఇరవై నిమిషాలు

2020లో తాత్కాలికంగా వచ్చిన ఐదు మార్పుల నిబంధన 2022 నుంచి శాశ్వతమైంది. ఆట సాగుతుండగా మూడు విడతల్లో, లేదా విరామంలో ఈ ఐదుగురినీ మార్చుకోవచ్చు. ప్రీమియర్ లీగ్‌లో బెంచ్ మీద తొమ్మిది మంది ఉంటారు, అంటే సగానికి పైగా దిగే వీలుంది. అందుకే మొదటి నిమిషం నుంచే సిద్ధంగా ఉండాలి. షిన్‌గార్డులు కట్టుకుని కూర్చోండి, ఉంగరాలూ గొలుసులూ ముందే తీసేయండి. విరామంలో కండరాలు చల్లబడతాయి కాబట్టి రెండో సగం మొదలవగానే ఐదు నిమిషాలు, తర్వాత పావుగంటకోసారి మూడు నిమిషాలు కదలండి. చివరి రెండు పరుగులు గట్టిగా ఉండాలి.

సబ్‌స్టిట్యూట్ పరువు పోయేది సాధారణంగా గోల్ తప్పినందుకు కాదు, కార్నర్ దగ్గర. ఇలా ఊహించుకోండి. 72వ నిమిషం. ప్రత్యర్థికి కార్నర్. మీరు ఆరడుగుల రెండంగుళాల మిడ్‌ఫీల్డర్ స్థానంలో దిగారు, అతను కాపలా కాస్తున్నది వాళ్ల పొడవైన డిఫెండర్‌ని. మీకంటే వాడు ఒక తల ఎత్తు. ఆ మనిషి ఇప్పుడు ఎవరి బాధ్యత? మీరు అడగలేదు, ఎవరూ చెప్పలేదు, మీరు నియర్ పోస్ట్ (బంతి వచ్చే వైపు గోల్ స్తంభం) దగ్గర నిలబడ్డారు. బంతి వచ్చింది, వాడు ఒంటరిగా తల తగిలించాడు. కోచ్ నోట్స్‌లో ఆ గోల్ మీ పేరు మీద పడుతుంది. సెట్‌పీస్ (కార్నర్లు, ఫ్రీకిక్‌లు) కోచ్ దగ్గర ప్రతి మార్పుకూ చార్టు ఉంటుంది. లైన్ దగ్గరకి వెళ్లే ముందు మూడు విషయాలు అడగండి: మన మీద కార్నర్ వస్తే నా మనిషి ఎవరు, మనకు కార్నర్ వస్తే నా చోటేది, ఫ్రీకిక్ గోడలో నేనున్నానా. అర నిమిషం చాలు. వీలైతే కార్నర్ అయ్యాకే దించమని లైన్ దగ్గర మార్పులు చూసే ఫోర్త్ అఫీషియల్ పక్కనున్న మీ అసిస్టెంట్ కోచ్‌తో చెప్పండి. మంచి అసిస్టెంట్లు ఆ పని అడగకముందే చేస్తారు.

దిగాక మొదటి రెండు మూడు బంతులు దగ్గరి మనిషికి తేలిగ్గా ఇచ్చేయండి. ఆట వేగం కాళ్లకు అందాలి. గోల్ కొట్టాలనే తొందర మూడో నిమిషంలో బంతి పోగొట్టుకునేలా చేస్తుంది, కోచ్‌లు దాన్ని మరిచిపోరు.

లోన్ మీద వెళ్లాలా

19 నుంచి 22 ఏళ్ల మధ్య ఉన్నవాడు సీజన్‌కు 1,500 నిమిషాలైనా ఆడకపోతే ఎదుగుదల ఆగుతుందని మా అంచనా. వయసు ఎక్కువైతే ఈ గీత కొంచెం కిందికి జరుగుతుంది. గీత అందదని జనవరికే తెలిస్తే లోన్ గురించి ఆలోచించాలి. అయితే లోన్ అంటేనే నిమిషాలు అనుకోవడం పెద్ద పొరపాటు. 2015-16లో ఆర్సెనల్ నుంచి వెస్ట్ బ్రామ్‌కు లోన్ మీద వెళ్లిన సెర్జ్ గ్నాబ్రీ అక్కడ ఒక్క లీగ్ మ్యాచ్‌లోనే, అదీ సబ్‌స్టిట్యూట్‌గా, కనిపించాడు. మరుసటి ఏడాది వెర్డర్ బ్రెమెన్‌లో లీగ్‌లోనే 11 గోల్స్ కొట్టాడు, 2017లో బయర్న్ మ్యూనిక్‌కు వెళ్లాడు. మనిషి అతనే, చేరిన చోటు మారింది.

కాబట్టి ఆ క్లబ్బు గత 15 మ్యాచ్‌లు చూసి, మీ స్థానంలో ఎవరెవరు ఎన్ని నిమిషాలు ఆడారో రాయండి. ఇద్దరు ఫిట్‌గా ఉంటే మీరు మళ్లీ మూడో మనిషే. బంతి తమ దగ్గర ఉంచుకుని ఆడతారా, వెనక నిలబడి ఎదురుదాడికి దిగుతారా? మిమ్మల్ని అడిగింది కోచా, క్లబ్బు డైరెక్టరా? డైరెక్టరైతే కోచ్‌తో విడిగా ఫోన్‌లో మాట్లాడాకే సంతకం. ఆ కోచ్ ఉద్యోగం ఊగుతోందా అన్నది పట్టికలో చూస్తే తెలుస్తుంది. నిమిషాలు తగ్గితే లోన్ ఫీజు పెరిగే షరతు పెట్టమని మీ క్లబ్బునే అడగండి. మిమ్మల్ని కూర్చోబెట్టడం వాళ్లకు ఖర్చవుతుంది.

నిబంధనల ఉచ్చు ఒకటుంది. ఒక సీజన్‌లో మూడు క్లబ్బుల దగ్గర రిజిస్టర్ కావచ్చు గానీ, అధికారిక మ్యాచ్‌లు ఆడేది మామూలుగా రెండు క్లబ్బులకే. ఆగస్టులో సొంత క్లబ్బుకు కప్ మ్యాచ్‌లో ఐదు నిమిషాలు ఆడి, లోన్ మీద వెళ్లి అక్కడా దిగితే, ఆ లోన్ చెడినా జనవరిలో మూడో క్లబ్బుకు ఆడలేరు. వెనక్కి రావడమే దారి. లోన్ మీద వెళ్లే ఆలోచన ఉంటే ఆగస్టులో ఆ ఐదు నిమిషాలు వద్దనడమే తెలివి. ఇంకో సంగతి: 2022 జులై నుంచి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమాల ప్రకారం అంతర్జాతీయ లోన్ ఏడాదికి మించకూడదు, లోన్ మీదున్న ఆటగాణ్ని మళ్లీ లోన్‌కు ఇవ్వకూడదు. 2018 నుంచి రెండేళ్ల పాటు రియల్ మాడ్రిడ్ నుంచి డార్ట్‌మండ్‌లో ఆడిన అష్రఫ్ హకీమీ లాంటి ఏర్పాటు ఇప్పుడు కావాలంటే రెండోసారి కాగితాలు రాయాలి.

పూర్తిగా వదిలేయడం

మీరు వరసలో మూడోవారని తేలితే, కాంట్రాక్టు ఇంకా రెండేళ్లున్నప్పుడే అమ్మకం అడగండి. అప్పుడు క్లబ్బుకు డబ్బొస్తుంది కాబట్టి అడ్డుపడదు. కెవిన్ డి బ్రూయ్‌నా 2013-14లో చెల్సీ తరఫున మూడు లీగ్ మ్యాచ్‌లు మాత్రమే ఆడి, సీజన్ ముగిసేదాకా ఆగకుండా జనవరిలోనే వోల్ఫ్‌స్‌బర్గ్‌కు వెళ్లాడు. కోల్ పామర్ 2023 సెప్టెంబరు 1న, బదిలీల గడువు (విండో) చివరి రోజున మాంచెస్టర్ సిటీ నుంచి చెల్సీకి మారి ఆ సీజన్ లీగ్‌లో 22 గోల్స్ కొట్టాడు. కాంట్రాక్టు చివరి ఆరు నెలల్లో అయితే వేరే క్లబ్బుతో నేరుగా మాట్లాడి ముందస్తు ఒప్పందం చేసుకోవచ్చు. పత్రికలకు లీకులివ్వడం వల్ల బేరం పెరగదు, డ్రెస్సింగ్ రూమ్ మాత్రం చేజారుతుంది.

అమ్మనూ అమ్మక, ఆడించనూ ఆడించని క్లబ్బుల కోసం ఫిఫా నియమావళిలో 15వ ఆర్టికల్ ఉంది. స్థిరపడిన ప్రొఫెషనల్ ఆటగాడు సీజన్‌లో క్లబ్బు ఆడిన అధికారిక మ్యాచ్‌లలో 10 శాతం కంటే తక్కువ వాటిలో ఆడితే, ఆటపరమైన న్యాయమైన కారణంతో కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. ఆటపరమైన శిక్షలు ఉండవు గానీ పరిహారం కట్టాల్సి రావచ్చు. యువ ఆటగాళ్లకు ఇది సాధారణంగా వర్తించదు, శిక్షణ కాలం పూర్తయి ఉండాలి. ఇక్కడ లెక్క మ్యాచ్‌లది. 89వ నిమిషంలో దిగినా ఒక మ్యాచ్ కిందే చూపిస్తుంది క్లబ్బు. గడువు మరీ చిన్నది: క్లబ్బు సీజన్‌లో ఆడిన చివరి అధికారిక మ్యాచ్ తర్వాత 15 రోజులు. లాయరుకు ఆ మ్యాచ్‌కు నెల ముందే నోట్‌బుక్ నకలు ఇచ్చి, ప్రతి వరసనూ మ్యాచ్ అధికారిక షీట్‌తో సరిచూడమనండి. గాయంతో దూరమైన రోజులకు డాక్టరు రిపోర్టు తేదీలు పక్కనే రాసి ఉండాలి, క్లబ్బు మొదట తవ్వేది వాటినే.