ఆవకాయ సీసాతో ఎలక్ట్రాన్ల లెక్క

తటస్థ వస్తువు అంటే ఏమిటని అడిగితే పిల్లలు దాదాపు అందరూ ఒకే జవాబు చెబుతారు: "ఆవేశం లేనిది, టీచర్." మార్కులు వేస్తాను కానీ మనసొప్పదు. బల్ల మీది స్టీలు గ్లాసు నిండా విద్యుదావేశమే. ధనావేశపు ప్రోటాన్లు ఎన్నో రుణావేశపు ఎలక్ట్రాన్లూ అన్నే ఉన్నాయి కనుక లెక్క సరిపోయి బయటికి ఏమీ తెలియడం లేదు, అంతే.

ఇది మాటలతో తలకెక్కదు. అందుకే ప్రతి జనవరిలో మా పిల్లలతో విద్యుద్దర్శిని, అంటే ఆవేశం ఉందో లేదో చూపే పరికరం, చేయిస్తాను. మాది కాకినాడ వైపు సముద్రతీరం. వర్షాకాలంలో ఈ ప్రయోగం పెట్టుకుంటే పరువు పోతుంది. గాలిలోని తేమ వస్తువుల మీద పలుచగా పట్టి, చేరిన ఆవేశాన్ని చూస్తుండగానే జార్చేస్తుంది. ఒక ఆగస్టులో తనిఖీకి వచ్చిన అధికారి ముందు పావుగంట రీఫిల్ రుద్దాను. ఒక్క కాగితం ముక్క కదిలితే ఒట్టు.

ముందు రీఫిల్ సంగతి. ఇంకు అయిపోయిన రెండు బాల్‌పెన్ రీఫిళ్లు, ఒక ఉన్ని మఫ్లరు తీసుకోండి. ఉన్ని లేకపోతే తల వెంట్రుకలు చాలు కానీ కొబ్బరినూనె రాసుకున్న తల పనికిరాదు. రీఫిల్‌ను ఉన్నితో ఒకే వైపుగా ఇరవైసార్లు గట్టిగా రుద్ది, చిన్న కాగితం ముక్కల దగ్గరకు తెస్తే అవి ఎగిరి అతుక్కుంటాయి.

ఇక్కడ జరిగింది బదిలీ. పరమాణువులో ప్రోటాన్లు కేంద్రకంలో బిగిసి ఉంటాయి. ఒక్కో ప్రోటాన్ ఎలక్ట్రాన్ కంటే దాదాపు 1836 రెట్లు బరువు. రుద్దితే అవి కదలవు. అంచున ఉండే ఎలక్ట్రాన్లలో కొన్ని మాత్రం ఉన్నిని వదిలి రీఫిల్‌కు చేరతాయి. ధన, రుణ అనే పేర్లు 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టినవాటికి మన అనువాదాలు. అప్పటికి ఎలక్ట్రాన్ సంగతి ఎవరికీ తెలియదు. జె.జె. థామ్సన్ దాన్ని కనుగొన్నది 1897లో. అయినా తెలుగులో ఆ పేర్లు భలే కుదిరాయి: ఎలక్ట్రాన్లను అప్పు తీసుకున్న రీఫిల్‌ది రుణావేశం, ఇచ్చిన ఉన్నిది ధనావేశం. మా పిల్లలు దీన్ని పరీక్షలో కూడా మరిచిపోరు.

అప్పు ఎంతో తెలిస్తే నవ్వొస్తుంది. ఒక గ్రాము ప్లాస్టిక్‌లో ఎలక్ట్రాన్లు సుమారు 3 పక్కన 23 సున్నాలు. రుద్దినప్పుడు కొత్తగా చేరేవి వేల కోట్లు అనుకున్నా, ఉన్నవాటిలో లక్షల కోట్లకు ఒకటి చొప్పున కూడా కావు. ఆ కాస్త తేడాకే కాగితం ఎగిరింది.

అయితే కాగితం అతుక్కుంది కదా అని దానికీ ఆవేశం ఉందనుకోకండి. పెద్దవాళ్లు కూడా పప్పులో కాలేసేది ఇక్కడే. రుద్దిన రీఫిల్‌ను నడిమికి దారం కట్టి వేలాడదీసి, మీ వేలు దగ్గరకు పెట్టండి. రీఫిల్ వేలి వైపు తిరుగుతుంది. వేలికి ఆవేశం ఎక్కడిది? రీఫిల్‌లోని అదనపు ఎలక్ట్రాన్లు వేలిలోని రుణావేశాన్ని కొంచెం వెనక్కి నెట్టాయి. ధనావేశం దగ్గరగా మిగిలింది కనుక ఆకర్షణది పైచేయి అయింది. ఇప్పుడు అలాగే రుద్దిన రెండో రీఫిల్‌ను తెండి. రెండిటిదీ ఒకే రకం ఆవేశం కనుక మొదటిది పక్కకు తప్పుకుంటుంది. తటస్థ వస్తువూ ఆకర్షిస్తుంది కానీ వికర్షించలేదు. ఆవేశం ఉందని తేల్చే సాక్ష్యం వికర్షణే.

ఇక విద్యుద్దర్శిని. ఖాళీ ఆవకాయ సీసాను సబ్బుతో రెండుసార్లు కడిగి గంటసేపు ఎండలో పెట్టండి. ఉప్పు మరక మిగిలితే తేమను లాగుతుంది. ప్లాస్టిక్ మూతకు కాల్చిన మేకుతో చిల్లు చేసి, పైపూత గీకేసిన జానెడు రాగి తీగను దూర్చండి. తీగ పైకొనను చుట్టలా చుట్టి, కింది కొనను కొక్కెంలా వంచండి. వంటింటి అల్యూమినియం రేకు నుంచి నాలుగు సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ముక్కలు రెండు కత్తిరించి, గోటితో సాపు చేసి, చిల్లు పెట్టి కొక్కేనికి తగిలించండి. నొక్కి బిగించవద్దు, స్వేచ్ఛగా ఊగాలి. పొరపాటున కూడా ఈ తీగను ప్లగ్గు దగ్గరకు తీసుకెళ్లకండి.

రుద్దిన రీఫిల్‌ను చుట్ట దగ్గరకు తెస్తే, తాకకుండానే రేకులు విచ్చుకుంటాయి. దూరం జరిపితే మూసుకుంటాయి. రాగి పరమాణువులో 29 ఎలక్ట్రాన్లుంటే చిట్టచివరిది ఏ ఒక్క కేంద్రకానికీ కట్టుబడకుండా లోహమంతా తిరుగుతుంది. అలాంటివి రీఫిల్‌కు భయపడి కిందికి, రేకుల్లోకి దిగాయి. మొత్తం లెక్క మారలేదు, చోటు మారింది. రేకులు విచ్చుకునే ఉండాలంటే రీఫిల్‌ను తీగకు ఆనించి పొడవునా రాయాలి. ప్లాస్టిక్‌లో ఎలక్ట్రాన్లు ఎక్కడివక్కడే ఉంటాయి కనుక ఒక్కచోట తాకిస్తే అక్కడివే దిగుతాయి. వేలితో ముట్టుకోగానే అవన్నీ మన ఒంట్లోంచి నేలకు పోయి రేకులు వాలిపోతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది చివరిది. రీఫిల్‌ను చుట్ట దగ్గర, తాకకుండా పట్టుకోండి. అలా ఉంచే, రెండో చేతి వేలితో తీగను ముట్టుకోండి. ముందు వేలు తీయండి, తర్వాత రీఫిల్. రేకులు విచ్చుకుంటాయి, ఈసారి ధనావేశంతో. కిందటేడు ఒక అమ్మాయి పట్టుకుంది: "రీఫిల్‌ది రుణావేశం, అది తగల్లేదు కూడా. మరి ధనావేశం ఎక్కడి నుంచి వచ్చింది, టీచర్?" ఏదీ రాలేదమ్మా, పోయింది. రీఫిల్ నెట్టిన ఎలక్ట్రాన్లు వేలి దారిన బయటపడ్డాయి. ప్రోటాన్లు ఉన్నచోటే ఉండి లెక్కలో ఎక్కువయ్యాయి.

నమ్మకం కుదరకపోతే అదే రీఫిల్‌ను నెమ్మదిగా మళ్లీ దగ్గరకు తెండి. రేకులు ముడుచుకోవడం మొదలుపెడితే మీది నిజంగా ధనావేశమే. ఇంకా విచ్చుకున్నాయా, రీఫిల్ ఎక్కడో తీగకు తగిలి ఉంటుంది. వేలితో ముట్టుకుని మొదటి నుంచి చేయండి.