తేలికైన పాత హార్డ్‌టెయిల్ ఫ్రేమ్: కొనే ముందు కనబడే సమస్యలు, వాటి పరిష్కారాలు

హార్డ్‌టెయిల్ అంటే వెనక సస్పెన్షన్ లేని మౌంటెన్ సైకిల్. దాని సెకండ్ హ్యాండ్ ఫ్రేమ్ చేతికి రాగానే ఎవరైనా ముందు ఎత్తి చూస్తారు. తేలిగ్గా ఉంటే మనసు అటే లాగేస్తుంది. కానీ ఆ తేలికదనం పల్చటి గొట్టాల వల్ల వచ్చింది. పల్చటి గొట్టం దెబ్బకి త్వరగా లొంగుతుంది. అందుకే తనిఖీ ముందు, తూకం చివర్లో.

సమస్య: వెల్డింగ్ పక్కన సన్నటి గీత

అది పెయింట్ గీతా, లోహంలో పగులా అన్నది ముందు తేలాలి. తడిగుడ్డతో మట్టి తుడిచి, టార్చ్ వెలుగు ఏటవాలుగా వేయండి. గోటితో అడ్డంగా గీరితే పగులు తగులుతుంది. ఇంకా అనుమానంగా ఉంటే, అమ్మే మనిషిని అడిగి అక్కడ కాస్త పెయింట్ గీకండి. గీత లోహంలోకీ దిగి ఉంటే అది పగులే. ముఖ్యంగా చూడాల్సినవి మూడు చోట్లు: హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ముందుండే పొట్టి గొట్టం) డౌన్ ట్యూబ్‌తో (అక్కడి నుంచి పెడల్స్ వైపు దిగే గొట్టం) కలిసే చోటు; సీట్ ట్యూబ్ (సీటు కింది నిలువు గొట్టం) పైన చీలిక ఉన్న చోటు; బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ ఇరుసు తిరిగే చోటు) దగ్గర చెయిన్‌స్టే (వెనక చక్రానికి వెళ్లే కింది గొట్టం) అతుకు.

అల్యూమినియం అయితే వదిలేయండి. 6061 అనే అల్యూమినియం రకాన్ని వెల్డ్ చేశాక మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేయకపోతే ఆ చోట బలం పోతుంది. స్టీల్ అయితే ఫ్రేములు కట్టే మంచి పనివాడు బాగుచేయగలడు.

సమస్య: డౌన్ ట్యూబ్ అడుగున చేతికి అల తగలడం

ముందు చక్రం దేనికో గట్టిగా గుద్దుకుంది. ఒకసారి నేను చూసిన ఫ్రేమ్‌కి సరిగ్గా హెడ్ ట్యూబ్ వెనకే పెద్ద స్టిక్కర్ అంటించి ఉంది. బొటనవేలితో మెల్లగా రాస్తే కింద రెండు మడతలు తెలిశాయి. మిగతా ఫ్రేమంతా కొత్తదానిలా మెరుస్తోంది! ఇలాంటిది తీసుకోకండి.

సమస్య: సీట్‌పోస్ట్ (సీటుని మోసే కడ్డీ) బిగుసుకుపోయింది

చెమట, నీళ్లు దిగి రెండు లోహాలూ తుప్పుతో పట్టేసుకున్నాయి. పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి ఒక రాత్రి ఉంచితే కొన్ని వదులవుతాయి. బలంగా మెలితిప్పితే మాత్రం పల్చటి సీట్ ట్యూబే పాడవచ్చు. పోస్ట్‌ని మీ కళ్ల ముందే బయటికి తీసి చూపించమనండి. అది తీయించుకోకుండా నేనైతే డబ్బులివ్వను.

సమస్య: వెనక చక్రం ఒక పక్కకి ఒరిగినట్టుంది

చక్రం సరిగా కూర్చోకపోవచ్చు, ఫ్రేమే వంగి ఉండొచ్చు. చక్రం తీసేసి, ఒక డ్రాపౌట్ (వెనక ఇరుసు కూర్చునే గాడి) నుంచి దారం కట్టి, హెడ్ ట్యూబ్ ముందు నుంచి చుట్టి రెండో డ్రాపౌట్‌కి బిగించండి. దారానికీ సీట్ ట్యూబ్‌కీ మధ్య దూరం రెండు పక్కలా కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాతో ఇబ్బంది లేదు. అంతకన్నా ఎక్కువైతే స్టీల్‌ని పనివాడు సరిచేస్తాడు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేముల్ని వంచబోకండి.

సమస్య: మీ దగ్గరున్న పార్టులు ఎక్కడం లేదు

కొలతలు వేరు. వెనక హబ్ (చక్రం మధ్య భాగం) వెడల్పు 135, 142, 148 మిల్లీమీటర్లలో ఏదో అడిగి తెలుసుకోండి. బాటమ్ బ్రాకెట్ మరలదా, ప్రెస్‌ఫిట్‌దా (నొక్కి దిగేసేదా) చూడండి. 34 మిల్లీమీటర్ల పాత హెడ్ ట్యూబ్‌లో టేపర్డ్ ఫోర్క్ (పై గొట్టం కిందికి వచ్చేకొద్దీ లావయ్యేది) దిగదు. 44 మిల్లీమీటర్లదైతే బయటి హెడ్‌సెట్ కప్పుతో (ఫోర్క్ తిరిగే బేరింగుల గూడు) దిగుతుంది. డిస్క్ బ్రేక్ బిగించే చోటు లేని ఫ్రేమ్‌కి వీ బ్రేకులే (రిమ్‌ని పట్టేవి) గతి.

సమస్య: ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతోంది

ఫ్రేమ్‌కి తగినదానికన్నా పొడుగు ఫోర్క్ వేశారు. సుమారు 20 మిల్లీమీటర్లు పెరిగితే హెడ్ యాంగిల్ (హెడ్ ట్యూబ్ వాలు) ఒక డిగ్రీ పడిపోతుంది, హెడ్ ట్యూబ్ అతుకు మీద భారమూ పెరుగుతుంది. 100 మిల్లీమీటర్లు కుంగే ఫోర్క్‌కి చేసిన ఫ్రేమ్‌కి 100దే వేయండి.

సమస్య: చెప్పిన బరువు తూకంలో రావడం లేదు

కంపెనీ లెక్క తరచూ చిన్న లేదా మధ్య సైజుది, ఏ సామానూ లేనిది. హెడ్‌సెట్ కప్పులు, సీట్ క్లాంప్, యాక్సిల్ ఉంటే అవి తీయించి, వేలాడదీసే మీ సొంత డిజిటల్ త్రాసు తీసుకెళ్లి తూచండి. మీ సైజులో అల్యూమినియం 1.6 కిలోల దగ్గరుంటే అది తేలికే.