తలకోనలో బస చేస్తూ రాత్రిపూట దేవాంగ పిల్లిని చూడటం ఎలా?

తలకోనలో రాత్రి బస చేసినవారిలో చాలామంది దేవాంగ పిల్లిని (రాత్రిపూట చెట్లమీద తిరిగే చిన్న జంతువు, ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్) చూడకుండానే తిరిగివస్తారు. శేషాచలం అడవుల్లో అది లేక కాదు, టార్చి పట్టుకోవడం తెలియక.

కావలసినవి తక్కువే: తలకు కట్టుకునే టార్చి, దాని అద్దానికి చుట్టడానికి ఎర్రని జెలటిన్ కాగితం, చీలమండలు కప్పే బూట్లు, నేలమీద పాములను చూసుకోవడానికి మరో చిన్న టార్చి. చిరుతలూ ఎలుగుబంట్లూ తిరిగే చోటు కనుక, అటవీ సిబ్బంది అనుమతించిన మేర, వారిని వెంటబెట్టుకొనే నడవాలి. భోజనం ముగించి, దీపాలు ఆర్పిన వరండాలో అరగంట కూర్చుంటే కళ్ళు చీకటికి అలవాటుపడతాయి. ఈలోగా సెల్‌ఫోను తెరిస్తే ఆ అరగంటా వృథా. అమావాస్యకు దగ్గరి రాత్రులనే ఎంచుకోవాలి.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. దేవాంగ పిల్లి కంటి వెనుక ఉండే పొర, వెలుతురు వచ్చిన దిక్కుకే దానిని తిప్పికొడుతుంది. అందువల్ల దీపం మన కళ్ళ ఎత్తులో, నుదుటిమీదో కణతకు ఆనుకొనో ఉంటేనే ఆ మెరుపు మనకు అందుతుంది. టార్చిని నడుము దగ్గర ఊపుకుంటూ నడిచేవారికి అది ఎదురుగా ఉన్నా కనబడదు. జీపుల్లో సెర్చిలైట్లు వేసుకొని తిరగడం మరీ దండగ: ఆ వేగంలో కళ్ళ మెరుపు పట్టుబడదు, పట్టుబడినా ఆ వెలుతురు జంతువును బాధిస్తుంది.

నాలుగడుగులు వేసి ఆగాలి. తీగలు అల్లుకున్న చెట్లను, ముళ్ళపొదలను, వేలి లావు సన్నకొమ్మలను కింది నుంచి పైకి నిదానంగా వెతకాలి. దగ్గరదగ్గరగా, నిప్పు కణికల్లా రెండు మెరుపులు కనిపించి, ఒక్కసారిగా ఆరిపోతే కంగారుపడి ముందుకు పోకూడదు. అది ముఖం తిప్పుకుందంతే, కదలకుండా నిలబడితే మళ్ళీ చూస్తుంది. నేలమీది ఆకుల్లో సూదిమొనలంత మెరిసేవి సాలీళ్ళ కళ్ళు. నేలకు దగ్గరగా చకచకా కదిలిపోయే జంట మెరుపులు పునుగు పిల్లివి కావచ్చు. దేవాంగ పిల్లికి సాధారణంగా అంత తొందర ఉండదు.

కనబడగానే వెలుతురును దాని ముఖంమీద నుంచి తప్పించి, పక్క కొమ్మకు మళ్ళించాలి. ఫ్లాష్ వేయడం, కొమ్మ ఊపడం, ఈల వేయడం బొత్తిగా కూడదు. దాని పాటికి దానిని వదిలేస్తే, తోకలేని ఆ పావుకిలో ప్రాణి కాళ్ళతో కొమ్మను బిగించి, చెయ్యి చాచి పురుగును అందుకోవడం, ఒక్కోసారి చేతులకూ పాదాలకూ తన మూత్రమే రాసుకోవడం కూడా చూడవచ్చు.

ఫొటో తీసినా, చెట్టున్న చోటు ఎవరికీ చెప్పకూడదు. చేతబడికనీ నాటుమందులకనీ దీనిని పట్టుకుపోయేవారు ఇంకా ఉన్నారు.