కోటు వేస్తే ఉక్క, భుజం పట్టేయడం, బీరువాలో బూజు: బరంపురం వైపు సూటు సమస్యలు - పరిష్కారాలు

దక్షిణ ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్ళలో సూటు గురించి ఒక మాట పాతుకుపోయింది: "మన ఉక్కకు అది పడదు." రిసెప్షన్‌కు ఒకసారి వేసుకుని బీరువాలో పెట్టేస్తారు. కోర్టుల్లో, బ్యాంకుల్లో, హోటళ్ళలో, మందుల కంపెనీల్లో పనిచేస్తూ రోజూ కోటు వేసుకోక తప్పనివాళ్ళు మాత్రం పంటి బిగువున భరిస్తుంటారు. అంత బాధ పడనక్కర్లేదు. ఇబ్బంది పెట్టేవి చాలావరకు మూడే: గుడ్డ, అస్తరు, చంక దగ్గర కోత. ఈ మూడూ సరిగ్గా ఉంటే మే నెల మిట్టమధ్యాహ్నాలు పక్కనబెట్టి మిగతా ఏడాదంతా కోటు హాయిగా వేసుకోవచ్చు.

వేసుకున్న పది నిమిషాలకే వీపు తడిసిపోతోంది

గంజాం తీరంలో ఎండ కంటే గాలిలో తేమ ఎక్కువ బాధపెడుతుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. తేమగాలిలో అది ఆరడమే కష్టం. దానికి తోడు పైన పాలిస్టర్ గుడ్డ, లోపల పాలిస్టర్ అస్తరు ఉంటే ఆవిరి బయటికి పోయే దారే ఉండదు. మన దుకాణాల్లో సూటింగ్ అని పరిచి చూపించే గుడ్డలో ఎక్కువ భాగం పాలిస్టర్, విస్కోస్ కలిపి నేసిందే. పి.వి. అని, టి.ఆర్. అని అంటారు. ముడత పడదు, ధర తక్కువ, ప్యాంటుకు పరవాలేదు. నిండా అస్తరు వేసిన కోటుకు మాత్రం మన వాతావరణంలో అది పనికిరాదు.

దీనికి మందు పల్చటి ఊలు గుడ్డ. ఊలు అనగానే స్వెట్టరు గుర్తొస్తుంది కాబట్టి ఈ మాట ఒక పట్టాన ఎవరూ నమ్మరు. ఊలు పోగు తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా ముట్టుకుంటే తడిగా అనిపించదు. పీల్చుకున్నది మెల్లగా బయటికి వదిలేస్తుంది. గట్టిగా పేనిన నూలుతో సాదా నేత నేస్తే పోగుల మధ్య సందులు ఉంటాయి, గాలి ఆడుతుంది. దుకాణంలో ట్రాపికల్ ఊల్ అని అడగండి. పెద్ద ఊళ్ళలో అయితే ఫ్రెస్కో, హాప్‌సాక్ అనే నేతలు కూడా దొరుకుతాయి. బరువు మీటరుకు 230 నుంచి 260 గ్రాముల మధ్య ఉంటే మనకు సరిపోతుంది. 200 కంటే దిగితే చల్లగానే ఉంటుంది కానీ కుర్చీలో కూర్చుని లేచేసరికి నలిగిపోతుంది. గ్రాములు చెప్పేవాళ్ళు లేకపోతే థాను నుంచి ఒక పొర విప్పించి వాకిట్లో వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. సన్నటి చుక్కల్లా వెలుగు కనిపించాలి.

అంచు మీద సూపర్ 100, సూపర్ 120, సూపర్ 150 అని రాసి ఉంటుంది. పెద్ద అంకె ఉంటే మంచి గుడ్డ అనుకుంటారు. ఆ అంకె చెప్పేది ఊలు పోగు ఎంత సన్నగా ఉందనే. సూపర్ 100కి పోగు మందం 18.75 మైక్రాన్లు మించకూడదు, సూపర్ 150కి 16.25. సన్నటి పోగు మెత్తగా ఉంటుంది, త్వరగా అరిగిపోతుంది కూడా. రోజువారీ వాడకానికి 100, 110 చాలు. మిగిలిన డబ్బు కుట్టుకు పెట్టండి.

అసలది ఊలేనా అని ఎలా తెలుస్తుంది? బరంపురంలో పట్టు నేసే ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. చీర కొనేముందు ఒక పోగు లాగి అగ్గిపుల్ల ముట్టించి చూడటం ఉంది కదా, ఇక్కడా అంతే. అడ్డపోగు ఒకటి, నిలువుపోగు ఒకటి తీసుకుని విడివిడిగా కాల్చండి. ఊలైతే, పట్టు లాగే, జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి ముద్దను వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుని కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. అది గోటికి కూడా చితకదు. నార గుడ్డ, నూలు గుడ్డ కాగితంలా కాలి బూడిదవుతాయి. వాసన జుట్టుదే అయినా చివర పూస మిగిలిందంటే అది టెర్రీ ఊల్, అంటే కలిపి నేసింది. ఊలు సగమైనా ఉంటే తక్కువ బడ్జెట్‌కు దాన్నీ తీసుకోవచ్చు. పోగు కాల్చనివ్వని దుకాణంలో అంచు మీద అచ్చయిన వివరం చదివి, బిల్లు మీద అదే రాయించుకోండి.

లినెన్ గురించి అడుగుతారు. చల్లదనంలో దానికి సాటి లేదు. ముడత మాత్రం పడుతుంది, పడనివ్వండి. ముడతలు చూసి చిరాకు పడేవాళ్ళు దాని జోలికి పోవద్దు.

ఇక అస్తరు. గుడ్డ ఎంత మంచిదైనా లోపల నిండా పాలిస్టర్ అస్తరు వేస్తే ఊలుకు పెట్టిన డబ్బు నీళ్ళలో పోసినట్టే. టైలర్‌కు గట్టిగా చెప్పాల్సిన మాట ఇదే: వీపుకు భుజాల కింద వరకే అస్తరు, నడుము భాగం ఖాళీ. చేతులకు మాత్రం అస్తరు ఉండాలి, లేకపోతే చొక్కా చెయ్యి లోపల పట్టేసి కోటు ఎక్కదు. దొరికితే విస్కోస్ అస్తరు, ఇంకా దొరికితే కుప్రో (పత్తి నుంచి తీసే పట్టులాంటి మెత్తటి గుడ్డ) తెప్పించండి. అస్తరు తగ్గిస్తే ఖర్చు తగ్గాలి కదా అని బేరమాడకండి. లోపలి కుట్లు బయటికి కనిపిస్తాయి కాబట్టి ప్రతి అంచుకూ పైపింగ్ వేయాలి. అది ఎక్కువ పని, దానికి కూలి ఎక్కువే అవుతుంది.

లోపల వేసుకునేవి కూడా చూసుకోండి. చేతుల్లేని బనియన్ చంకలో చెమటను ఆపదు, పొట్టి చేతుల నూలు బనియన్ ఆపుతుంది. చొక్కా నూటికి నూరుపాళ్ళు నూలుది కావాలి. ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం వైపు వెళ్ళే పని ఉంటే పొందూరు సన్న ఖాదీ ఒక చొక్కాకు తెచ్చుకోండి. కోటు కింద దాని హాయి వేసుకుంటేనే తెలుస్తుంది.

వకీళ్ళకు ఒక మాట. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం సుప్రీంకోర్టులో, హైకోర్టుల్లో తప్ప మిగతా కోర్టుల్లో ఎండాకాలం నల్లకోటు తప్పనిసరి కాదు. జిల్లా కోర్టులో మే నెలలో కోటు లేకుండా నిలబడటం తప్పేమీ కాదు. మిగతా నెలలకు సగం అస్తరుతో నల్ల ట్రాపికల్ ఊల్ కోటు ఒకటి కుట్టించుకుంటే ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

కోరాపుట్ వైపు ఉన్నవాళ్ళు పైదంతా అలాగే పాటించనక్కర్లేదు. ఆ ఊరు సముద్రమట్టానికి 800 మీటర్లకు పైనే ఉంది. అక్కడి డిసెంబరు, జనవరి చలికి 300 గ్రాముల గుడ్డ, నిండు అస్తరు కూడా బాగుంటాయి.

చెయ్యి ఎత్తితే కోటు మొత్తం పైకి లేస్తోంది

బస్సులో రాడ్ పట్టుకున్నట్టు ఒక చెయ్యి ఎత్తి అద్దంలో చూడండి. కోటు అంచు, కాలరు, అన్నీ చేతితో పాటే లేస్తే చంక కోత కిందికి జారిందని అర్థం. చంక లూజుగా ఉంటే చెయ్యి బాగా ఆడుతుందని మనకు అనిపిస్తుంది, టైలర్లకూ అనిపిస్తుంది. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. కోత చంకకు దగ్గరగా ఉంటేనే చెయ్యి ఒక్కటే కదులుతుంది, కోటు తన చోట తాను ఉంటుంది. రోజూ కోటు వేసేవాడి అలసటలో సగం ఇక్కడినుంచే వస్తుంది.

కుట్టేసిన కోటుకు దీన్ని బాగుచేయడం దాదాపు అసాధ్యం, చంక దగ్గర గుడ్డ ఇంక ఉండదు. కాబట్టి కొలతలప్పుడే చెప్పాలి. "మాస్టర్ గారూ, చంక పైకి కోయండి, పట్టినట్టు అనిపించినా ఫరవాలేదు, ట్రయల్‌లో చూసి దింపుదాం" అనండి. గుడ్డ ఉంటే దింపడం తేలిక. కచ్చా కుట్టు ట్రయల్ ఇవ్వని టైలర్‌కు కోటు గుడ్డ ఇవ్వకండి. ప్యాంట్లు ఎంత బాగా కుట్టినా సరే.

భుజం సంగతి గోడ చెబుతుంది. గోడకు పక్కగా నిలబడి మెల్లగా ఆనుకోండి. మీ చెయ్యి కంటే ముందు కోటు ప్యాడ్ గోడకు తగిలితే భుజం పెద్దది. రెడీమేడ్‌లో ఈ పరీక్ష తప్పిన కోటును డిస్కౌంట్ ఎంతున్నా వదిలేయండి. నడుము తగ్గించవచ్చు, చేతి పొడవు తగ్గించవచ్చు, ప్యాంటు మడత మార్చవచ్చు. భుజం, చంక, కోటు పొడవు మార్చాలంటే కొత్తది కుట్టించుకున్నంత అవుతుంది.

మెడ వెనక కాలరు ఎడంగా నిలుస్తోంది, బొత్తాం దగ్గర గుడ్డ లాగుతోంది

ఇవి రెండు వేరువేరు జబ్బులు. కాలరు కింద వీపు మీద అడ్డంగా ముడత పడితే మీ భుజాలు కోటు భుజాల కంటే తిన్నగా ఉన్నాయి, కాలరు విప్పి కొంచెం దింపి కుట్టాలి. చేయి తిరిగిన టైలర్‌కు అది చిన్న పని. కాలరు మెడను తాకకుండా దూరంగా నిలుస్తుంటే మాత్రం వీపు కోత మీ ఒంటి తీరుకు రాలేదు. ట్రయల్‌లో అయితే సరిచేస్తారు, రెడీమేడ్ అయితే వదులుకోవడమే మంచిది. కంప్యూటర్ ముందు వంగి కూర్చునేవాళ్ళకు ఇది ఎక్కువ. ట్రయల్ రోజున టైలర్ ముందు బిగదీసుకుని నిలబడకండి, రోజూ ఎలా నిలబడతారో అలాగే నిలబడండి.

బొత్తాం పెడితే ఇంటూ గుర్తులా లాగుతోందంటే నడుము బిగువు. లోపల పక్క కుట్టులో గుడ్డ వదిలి ఉంటే విప్పించుకోవచ్చు. కుట్టించేటప్పుడే అంగుళం చొప్పున వదలమనండి, పెళ్ళయిన మర్నాటి నుంచి అందరికీ అవసరపడుతుంది. రెండు బొత్తాల కోటుకు కింది బొత్తాం పెట్టరు, కూర్చునేటప్పుడు పైదీ తీసేయాలి.

మోటర్‌సైకిల్ ఎక్కితే ప్యాంటు తొడల దగ్గర పట్టేస్తోంది

సీటు, తొడ కొలతలు నిలబడి మాత్రమే తీయడం వల్ల ఇలా అవుతుంది. కూర్చుని కూడా తీయించండి. ప్యాంటు బొడ్డుకు కాస్త కింద నిలిచేంత ఎత్తు ఉంచి, ముందు ఒక్కో ప్లీట్ పెట్టిస్తే కూర్చున్నప్పుడు గుడ్డ విచ్చుకుంటుంది. ప్యాంటు లోపల మోకాలి దాకా వేసే పాలిస్టర్ అస్తరు వద్దనండి.

బండి మీద కోటు వేసుకుని వెళ్ళకండి. మడిచి వెంట తీసుకెళ్ళి ఆఫీసులో వేసుకోండి. వీపు మీద బ్యాగు వేసుకుంటే కోటు భుజాలు నెలల్లో పాడవుతాయి.

ఏం వేసుకున్నా "ఎవరి పెళ్ళి?" అని అడుగుతున్నారు

మెరిసే గుడ్డ, అదే రంగు ప్యాంటు, పైన టై. ఈ మూడూ కలిస్తే మన ఊళ్ళో పెళ్ళే గుర్తొస్తుంది. రోజువారీకి మెరుపు లేని గుడ్డ తీసుకోండి. ముదురు నీలం, బూడిదరంగు హాప్‌సాక్ లాంటివి దేని మీదికైనా వెళ్తాయి. నీలం కోటును బూడిదరంగు ప్యాంటు మీద, టై లేకుండా వేసుకుని చూడండి. నెల తిరిగేసరికి అడిగేవాళ్ళు మానేస్తారు, చూసే కళ్ళకూ అలవాటు కావాలి.

ఇంకాస్త మన నేలకు దగ్గరగా కావాలంటే టస్సర్ (అడవిపట్టు) కోటు ఉంది. పోగులో సహజమైన ఎగుడుదిగుడులు ఉండటం వల్ల మిగతా పట్టులా మెరవదు, అస్తరు లేకుండా కుట్టినా ఆకారం నిలుస్తుంది. గోపాల్‌పూర్ టస్సర్ అనగానే మన బీచ్ పక్కన దొరుకుతుందనుకుని వెతుకుతారు. ఆ గోపాల్‌పూర్ జాజ్‌పూర్ జిల్లాలోది. ఒడిశా చేనేత దుకాణాల్లో అడగండి.

డ్రైక్లీనింగ్ తర్వాత ఛాతీ మీద బుడగలు

కోటు ముందుభాగం లోపల జిగురుతో అతికించే గట్టి గుడ్డ, అంటే బక్రం, ఊడింది. పూర్తిగా బాగుచేసే దారి లేదు. కొనేముందే చూసుకోవాలి: కింది బొత్తాం కింద గుడ్డను ముందు, వెనక పట్టుకుని విడదీసి రుద్దండి. మధ్యలో మూడో పొర విడిగా జారుతుంటే కాన్వాస్ కోటు, అంటే లోపలి పొరను జిగురుతో కాక కుట్టి నిలిపినది, లేకపోతే అతికించినది. మన వైపు దొరికేవి చాలావరకు అతికించినవే, అవి చెడ్డవని కాదు. వాటిని మాటిమాటికీ డ్రైక్లీనింగ్‌కు ఇవ్వకూడదు. వేసుకున్న రోజు సాయంత్రం వెడల్పాటి హ్యాంగర్‌కు తగిలించి ఫ్యాన్ కింద ఆరనివ్వండి, బ్రష్‌తో దులపండి, మర్నాడు దానికి సెలవివ్వండి. ఇస్త్రీ చేస్తే తడి నూలుగుడ్డ పైన వేసి చేయాలి. నేరుగా పెట్టెతో రుద్దితే నల్లటి గుడ్డ నిగనిగలాడిపోతుంది, అది మళ్ళీ పోదు.

బీరువాలో తెల్ల బూజు, చిన్న చిల్లులు

బూజుకు తేమ, చిల్లులకు పురుగు కారణం. మనకు వానలు అక్టోబరు దాకా వదలవు. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12నే. చెమట పట్టిన కోటును ప్లాస్టిక్ కవరులో పెట్టి మూసేయడమే అన్నిటికంటే చెడ్డపని. నూలు సంచి కుట్టించి అందులో పెట్టండి, గోడకు ఆనిన ఇనప బీరువా అయితే కాస్త ముందుకు జరపండి, ఎండ కాసిన రోజు నీడపట్టున గాలికి వేయండి. బూజు పట్టిందా, ఇంట్లో దులపకుండా బయటికి తీసుకెళ్ళి బ్రష్ చేయండి.

పురుగు ఊలునూ పట్టునూ తింటుంది, అందులోనూ చెమట, తిండి మరకలు ఉన్నచోట ముందు మొదలుపెడుతుంది. దాచేముందు శుభ్రం చేయించడమే అసలు రక్షణ. కలరా ఉండలు పెడితే గుడ్డకు తగలకుండా మూట కట్టి పెట్టండి, పిల్లలకు అందనివ్వకండి.

మన ఊళ్ళో మంచివి దొరకడం లేదు

రెడీమేడ్‌లో నిజమే, ఎంపిక తక్కువ. గుడ్డకు మాత్రం ఆ మాట వర్తించదు. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి కూడా పెళ్ళి బట్టలకు బరంపురం వస్తారు, బడబజారులో కాస్త తిరిగితే పేరున్న మిల్లుల ఊలు థాన్లు అడిగినవాళ్ళకు తీస్తారు. అడగనివాళ్ళకు పి.వి. చూపిస్తారు. కోటు, ప్యాంటు జతకు 58 అంగుళాల పన్నాలో 3 నుంచి 3.25 మీటర్లు పడుతుంది. నేనైతే రెండో ప్యాంటుకు కలిపి నాలుగున్నర మీటర్లు తీసుకోమంటాను, ఎందుకంటే కోటు బాగున్నప్పుడే ప్యాంటు అరిగిపోతుంది, తర్వాత అదే రంగు దొరకదు.

టైలర్‌ను ఎంచుకునేటప్పుడు షోకేసు బొమ్మ మీది కోటు చూడొద్దు, డెలివరీకి సిద్ధంగా వేలాడుతున్నవి చూడండి. చేతుల అతుకు దగ్గర ముడత, గీతల గుడ్డ అయితే జేబు మీద గీతలు కలిశాయా లేదా, కాజాల దారం లేచిందా. ఇవి చాలు. మీకు ఒక్క కోటైనా ఒంటికి చక్కగా ఉంటే కొలతలతో పాటు దాన్నీ ఇవ్వండి. ఆన్‌లైన్‌లో తెప్పించేవాళ్ళు కూడా మనిషి కొలతకు బదులు ఆ కోటును పరిచి, చంక నుంచి చంకకు, భుజం నుంచి భుజానికి కొలిచి పట్టికతో సరిచూసుకోవాలి.

కుట్టించే కాలం భాద్రపదం. అప్పుడు ఇటు మనకూ అటు ఒడియావాళ్ళకూ పెళ్ళిళ్ళు ఉండవు. దసరా రద్దీ మొదలయ్యేలోపు మాస్టర్‌కు తీరిక ఉంటుంది, రెండు ట్రయళ్ళు అడిగినా విసుక్కోడు.