జీతం పెరగకపోయినా ఇంట్లో నాలుగు డబ్బులు మిగలాలంటే

పొదుపు అనగానే ముందు టీ మానేయమంటారు, బయట తినొద్దంటారు. నేను ఆ మాట చెప్పను. రోజుకి పదిహేను రూపాయల టీ మానేస్తే నెలకి నాలుగొందల యాభై మిగులుతుంది, నిజమే, కానీ అదే ఇంట్లో లక్ష రూపాయల అప్పుకి రెండు రూపాయల వడ్డీ కడుతుంటే నెలనెలా రెండు వేలు పోతోంది, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఇరవై ముప్ఫై వేల జీతం మీద హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అద్దె ఇంట్లో ఉంటూ పిల్లల్ని చదివించుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నోరు కట్టుకోకుండా డబ్బు మిగలాలంటే పెద్ద ఖర్చుల దగ్గర మొదలుపెట్టాలి.

ముందు వడ్డీలు. ఒక కాగితం మీద అప్పులన్నీ రాయండి, ఎవరి దగ్గర ఎంత, వడ్డీ ఎంత, చుట్టాల దగ్గర తెచ్చింది కూడా వదలకుండా. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24, మూడంటే 36. ఫోన్ ఈఎంఐ, పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు అన్నిటినీ ఈ రూపాయల లెక్కలోకే మార్చి రాస్తే ఏది ముందు తీర్చాలో మీకే తెలిసిపోతుంది. క్రెడిట్ కార్డు బిల్లులో మినిమం డ్యూ మాత్రమే కట్టి మిగతాది వచ్చే నెలకి తోస్తే చాలా కార్డుల్లో పడేది మూడు రూపాయల పైనే, పైగా ఆ బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. బీరువాలో బంగారం ఉంచుకుని బయట రెండు మూడు రూపాయలకి అప్పు తెచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి, తాకట్టు అంటే పరువు తక్కువ అనుకుని. బ్యాంకులో బంగారం పెడితే చాలావరకు రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది. లక్ష మీద ఆ తేడానే ఏడాదికి పన్నెండు వేలు! పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, తాకట్టు పెట్టిన రోజు నుంచే నెలకి ఇంత అని అసలు కూడా కడుతూ పోవాలి, లేకపోతే ఏటా వడ్డీ కట్టి రెన్యూవల్ చేయించుకుంటూ ఆ నగ అక్కడే ఉండిపోతుంది.

మహిళా సంఘంలో చేరే వీలుంటే చేరండి. డ్వాక్రా సంఘాలకి బ్యాంకులిచ్చే లోన్ వడ్డీ బయటి ఫైనాన్స్ వాళ్లతో పోల్చలేనంత తక్కువ, టౌన్లలో ఈ సంఘాల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ మెప్మా వాళ్లని అడిగితే మీ వీధిలో సంఘం ఎక్కడుందో చెప్తారు.

రెండోది కరెంటు. తెలంగాణలో ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. ఇక్కడ ఇళ్ల కరెంటు రేటు నెల మొత్తం ఎన్ని యూనిట్లు కాల్చారన్న దాన్ని బట్టి మారుతుంది. 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకి 3.40, తర్వాతి 100కి 4.80, అంటే 200 యూనిట్లకి 820 రూపాయలు. అదే 201 అయితే మొదటి 200 యూనిట్లకీ 5.10 చొప్పున పడుతుంది, ఆ పైది 7.70, మొత్తం 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్ ఎక్కువ కాలిస్తే రెండొందలకి పైగా తేడా. తెల్ల రేషన్ కార్డు ఉండి, 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం వస్తున్నవాళ్లకి ఇంకా నష్టం, 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. అలాగే 100 యూనిట్ల దగ్గర కూడా ఒక గీత ఉంది. ఆంధ్రలో ఇలా బిల్లంతా ఒక్కసారి మారిపోదు, ఆ శ్లాబు యూనిట్లకే ఆ రేటు, కానీ 225 దాటాక యూనిట్ 8.75 అవుతుంది కాబట్టి అక్కడా చూసుకోవాల్సిందే. రేట్లు మారుతుంటాయి, మీ బిల్లు ఒకసారి చూసుకోండి.

మరి ఏం చేయాలి? బిల్లు కొట్టిన రోజు మీటర్ రీడింగ్ ఫోన్‌లో ఫోటో తీసుకోండి, పదిహేను రోజులకి మళ్లీ చూడండి. అప్పటికే 105, 110 యూనిట్లు కాలి ఉంటే మిగతా పదిహేను రోజులు గీజర్ మీద, మోటార్ మీద కన్నేసి ఉంచాలి. రెండు వేల వాట్ల గీజర్ అరగంటకే ఒక యూనిట్ తాగేస్తుంది. మామూలు పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు, రోజుకి పన్నెండు గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద నెలకి 16 యూనిట్లు తగ్గుతాయి. అలాగని బాగా తిరుగుతున్న ఫ్యాన్లు తీసేసి కొత్తవి కొనమనడం లేదు. కాలిపోయి వైండింగ్‌కి ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆ డబ్బులకి ఇంకొంచెం కలిపి మార్చండి, అదీ పడకగదిది ముందు. 200 గీత దగ్గర ఊగిసలాడే ఇళ్లకి మాత్రం వెంటనే మార్చినా నష్టం లేదు.

ఇక సరుకులు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే, మన అమ్మమ్మలకి ఈ లెక్క బాగా తెలుసు, మనమే సూపర్‌మార్కెట్‌లో నెలనెలా అరకిలో ప్యాకెట్లకి అలవాటు పడ్డాం. చింతపండు, ఎండుమిర్చి, పసుపు, కందిపప్పు, ధనియాలు, వీటికి ఏడాదికి ఒక్కసారే కొత్త పంట వస్తుంది. కందులు జనవరి, ఫిబ్రవరిలో మార్కెట్‌కి వస్తాయి, చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్, మిర్చి మార్చి, ఏప్రిల్ నెలల్లో బాగా దిగుతుంది. ఆ రెండు మూడు నెలల్లోనే ఏడాదికి సరిపడా కొనేయాలి. హైదరాబాద్‌లో అయితే బేగంబజార్, విజయవాడలో గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్, విశాఖలో పూర్ణా మార్కెట్. ఒక్క ఇంటికి మరీ ఎక్కువనిపిస్తే అపార్ట్‌మెంట్‌లోనో వాడలోనో నలుగురు కలిసి వెళ్లండి, ఆటో ఖర్చూ పంచుకోవచ్చు, బస్తా లెక్కన బేరమూ కుదురుతుంది. తాండూరు వైపు చుట్టాలుంటే కందులే తెప్పించుకుని పప్పు పట్టించుకోండి, ఆ రుచి వేరు, తాండూరు కందికి 2022లో, ఆ ప్రాంతపు ప్రత్యేక పంట అని ఇచ్చే జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

కొన్నంత మాత్రాన సరిపోదు, నిలవ ఉంచడం తెలియాలి. చింతపండు గింజ తీసి, ఈనెలు తీసి, ఒకరోజు ఎండబెట్టి కొంచెం రాళ్లుప్పు కలిపి జాడీలో గట్టిగా నొక్కిపెట్టాలి. కందిపప్పుకి కొద్దిగా ఆముదం పట్టించి ఎండలో పెట్టి డబ్బాల్లో పోస్తే పురుగు దగ్గరికి రాదు, వండే ముందు వేడినీళ్లతో కడిగితే వాసన పోతుంది. మిర్చి బాగా ఎండాక కారం పట్టించుకుంటే ప్యాకెట్ కారంతో పోలికే ఉండదు, అయితే ఏడాదిది మొత్తం ఒకేసారి పట్టించకండి, సగం కాయల్లాగే ఉంచండి, రంగూ ఘాటూ నిలుస్తాయి. బియ్యం కొత్తవి డిసెంబర్, జనవరిలో చవగ్గా వస్తాయి కానీ అప్పుడే వండితే ముద్దవుతాయి, నాలుగైదు నెలలు మాగాలి. అందుకే ఇంట్లో పాత బియ్యం ఉండగానే కొత్త బస్తాలు తెచ్చి వేపాకు వేసి పెట్టుకోవాలి. బొంబాయి రవ్వ, శనగపిండి, గోధుమపిండి మాత్రం చవగ్గా వచ్చినా ఎక్కువ కొనొద్దు, మన వానాకాలానికి తట్టుకోవు.

ఒకేసారి అంత డబ్బు ఎక్కడిది అంటారు. దీనికి బ్యాంకులో జూన్, జులైలోనే ఒక చిన్న ఆర్డీ మొదలుపెట్టండి, నెలకి వెయ్యో పదిహేను వందలో, ఫిబ్రవరికి చేతికి వచ్చేలా. అది సరుకుల డబ్బు, ఇంక దేనికీ ముట్టుకోకూడదు.

కూరగాయలకి రైతుబజారే. 1999లో మొదలైనప్పటి నుంచి అక్కడ రోజూ ధరల బోర్డు పెడతారు, ఆ బోర్డు ఫోటో తీసుకుని మీ వీధి బండి దగ్గర బేరమాడినా లాభమే. వారం సంతకి వెళ్లేవాళ్లు రాత్రి ఎనిమిది దాటాక వెళ్తే సర్దుకునే వేళ కాబట్టి సగానికిచ్చేస్తారు. చలికాలంలో టమాటా బాగా పడిపోయినప్పుడు పది కిలోలు తెచ్చి ముక్కలు కోసి ఉప్పు రాసి ఎండబెట్టి ఒరుగులు చేసి పెట్టుకోండి, జులై, ఆగస్టులో కిలో వంద దాటినప్పుడు పప్పులోకీ పచ్చడిలోకీ అవే పనికొస్తాయి.

ఇంట్లో బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే మందుల ఖర్చు చూడండి. జన ఔషధి కేంద్రాల్లో అవే ఫార్ములాలు బ్రాండ్ మందుల కన్నా సగం నుంచి 80 శాతం దాకా తక్కువకి ఉంటాయి. చీటీ మీద ఉన్న బ్రాండ్ పేరు కాకుండా అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది రాసుకెళ్లి అడగండి. డాక్టర్‌కి ఒక మాట చెప్పే మార్చండి, థైరాయిడ్ మాత్రల్లాంటివైతే అడగకుండా కంపెనీ అసలు మార్చొద్దు. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాల్లో చూపించుకోవడం ఉచితం, రక్త పరీక్షలు కూడా. ఆడవాళ్లకి రెండు రాష్ట్రాల్లోనూ ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమే, ఆధార్ దగ్గర ఉంచుకుంటే చాలు. స్కూలు పుస్తకాలకి ఆదివారం అబిడ్స్, మామూలు రోజుల్లో కోఠి.

ఏడాదికి 20 రూపాయలకి ప్రమాదాలకి వర్తించే సురక్షా బీమా, 436కి ప్రాణానికి జీవన్ జ్యోతి బీమా, రెండూ మీ బ్యాంకులోనే ఇస్తారు, ఒక్కోటి రెండు లక్షలకి. ఇవి లేని ఇల్లు ఉండకూడదని నా పట్టుదల.

మిగిలిన డబ్బు చీటీలో వేస్తామంటారు చాలామంది. తప్పు లేదు, కానీ రెండు చూసుకోండి. ఒకటి, రిజిస్టర్ అయిన చీటీయేనా, అగ్రిమెంట్ కాగితం మీ చేతికిస్తున్నారా. తెలిసినావిడే కదా అని నోటిమాట మీద వేస్తే రేపు ఆవిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినా చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. రెండు, ఎప్పుడు పాడుతున్నారు. లక్ష రూపాయల ఇరవై నెలల చీటీని మూడో నెలలో పాతిక వేలు వదులుకుని పాడితే, మిగతా నెలలు కట్టేదంతా లెక్కేస్తే అది రెండు రూపాయల వడ్డీ దాటిన అప్పు. అవసరం లేకపోతే చివరి నెలల దాకా ఆగండి, అప్పుడే అది పొదుపు.

ఇప్పుడు సంపాదన. ముందు ఒక హెచ్చరిక. వీడియోలకి లైక్ కొడితే డబ్బు, హోటల్‌కి రేటింగ్ ఇస్తే డబ్బు అని మెసేజ్ వస్తే అది మోసమే, మొదట రెండొందలు వేసి నమ్మించి తర్వాత వేలల్లో కట్టించుకుంటారు. పని ఇచ్చేవాడు ఎవడూ మన దగ్గర ముందు డబ్బు అడగడు. ఎవరైనా ఇరుక్కుంటే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంట్లో ఉండి చేసే పనుల్లో ఇడ్లీ దోసె పిండి, ఫాల్ పికో, ట్యూషన్లు ఎప్పుడూ నడిచేవే. కానీ చేయి తిరిగిన వంటవాళ్లుంటే పచ్చళ్లు, పొడులు, పిండివంటల మీద దృష్టి పెట్టమంటాను, ఎందుకంటే గిరాకీ ఎప్పుడు వస్తుందో ముందే తెలుస్తుంది. ఆగస్టులో అమెరికా యూనివర్సిటీల్లో చేరే పిల్లలు జులై నుంచే బయల్దేరతారు, ప్రతి ఇంటి నుంచీ కంది పొడి, కరివేపాకు కారం, ఆవకాయ, గోంగూర కిలోల్లెక్కన వెళ్తాయి. ఆహార పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర చిన్న వ్యాపారాలకి బేసిక్ రిజిస్ట్రేషన్ ఉంది, ఫీజు ఏడాదికి 100 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే అవుతుంది, అది లేకుండా మొదలుపెట్టొద్దు. అమెరికా పార్సిల్‌లో చికెన్, మటన్ పచ్చళ్లు పెట్టమంటే వద్దని చెప్పండి, అక్కడ కస్టమ్స్‌లో మాంసం రానివ్వరు. ప్రతి ప్యాకెట్ మీద పేరు, అందులో ఏమేం వేశారో ఇంగ్లిష్‌లో రాసిన కాగితం అంటించండి.

ధర పెట్టేటప్పుడు నూనె, గ్యాస్, డబ్బా, మీ గంటలు అన్నీ రాసి లెక్కేయండి, మీ గంటకి కనీసం ఆ ఊళ్లో కూలి ఎంతో అంతైనా పడాలి. పడకపోతే ఆ వస్తువు మానేసి ఇంకొకటి చూడండి. ఆర్డర్‌తో పాటే సగం డబ్బు తీసుకోండి, చుట్టాలైనా సరే. జనవరి సెమిస్టర్‌కి వెళ్లేవాళ్లు డిసెంబర్‌లో అడుగుతారు, అది అవ్వగానే సంక్రాంతికి అరిసెలు, సకినాలు, జంతికలు, రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి కాబట్టి బెల్లం, నువ్వులు, డబ్బాలు నవంబర్‌లోనే కొని పెట్టుకోండి, సాయానికి వచ్చే మనిషితో కూడా అప్పుడే మాట్లాడేసుకోండి.