ఇంటర్న్‌షిప్‌లో డైరెక్ట్ గంటలు నిండకపోతే నేనేం చేశానంటే

అమెరికాలో స్కూల్ కౌన్సెలింగ్ మాస్టర్స్ చేస్తున్నాను. కేక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్ కాబట్టి ప్రాక్టికమ్ (ఇంటర్న్‌షిప్‌కి ముందు చేసే శిక్షణ) 100 గంటలు, ఇంటర్న్‌షిప్ 600 గంటలు తప్పనిసరి. ఆ 600లో 240 గంటలు నేరుగా కౌన్సెలింగే చేయాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. నాకు దొరికిన స్కూల్లో లంచ్ డ్యూటీ, పరీక్ష హాల్లో కాపలా, ఇవే పనులు. మొత్తం గంటలు పెరుగుతున్నాయి గానీ డైరెక్ట్ గంటల గడి దాదాపు ఖాళీ. సెమిస్టర్ సగానికి వచ్చేసరికి టెన్షన్ పట్టుకుంది.

లాగ్‌లో ఒక్కో పనికి ఒక్కో రంగు వేసి మా అడ్వైజర్‌కి చూపించాను. కౌన్సెలింగ్ కాని పనులకు వేసిన ఎర్ర రంగే పేజీ నిండా. పరీక్షల ఏర్పాట్లు, క్యాంటీన్ కాపలా కౌన్సెలర్‌కి తగని పనులని అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషనే చెబుతుంది. ఆ మాట ఉన్న కాగితం దగ్గర పెట్టుకుని అడ్వైజర్, నేను కలిసి సైట్ సూపర్‌వైజర్‌తో (స్కూల్లో నా పని చూసేవారితో) కూర్చున్నాం. ఫిర్యాదు చేయలేదు, పిల్లలకు ఏం అవసరమో అడిగాం. తల్లిదండ్రుల అనుమతి పత్రాలు తెప్పించి, ఆరో తరగతిలో స్నేహాల మీద ఒక చిన్న గ్రూపు మొదలుపెట్టాను. టీచర్లే తర్వాత పిల్లల్ని పంపసాగారు. గంటలు నిండాయి.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా వాళ్లు ఒకటి చూసుకోండి: ఇంటర్న్‌షిప్ పొడిగించాల్సి వస్తే, సీపీటీ (చదువులో భాగంగా పని చేయడానికి ఇచ్చే అనుమతి) తేదీలు ముగియకముందే కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి చెప్పాలి.