సరిహద్దు జిల్లాల్లో నవోదయ ప్రవేశ పరీక్ష: తల్లిదండ్రులు ముందుగా తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో పిల్లలు అయిదో తరగతికి రాగానే జవహర్ నవోదయ విద్యాలయ (ఆరో తరగతి నుంచి కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ బడి) ప్రవేశ పరీక్ష మాట మొదలవుతుంది, వెంటనే పెద్దల దృష్టి లెక్కల పుస్తకం మీదికి పోతుంది. లెక్కలు ముఖ్యమే. అయితే రాష్ట్రాల సరిహద్దున ఉన్న మన పిల్లలకు అంతకన్నా ముందు మూడు విషయాలు చక్కబడాలి: చదివే బడి ఏ జిల్లాలో ఉంది, ధ్రువపత్రాల్లో పేరు ఎలా ఉంది, పరీక్ష ఏ భాషలో రాయబోతున్నారు. ఈ పరీక్షను ఆరో తరగతి కోసం ఒక్కసారే రాయనిస్తారు కాబట్టి, వీటిలో ఏది తప్పినా మరుసటి ఏడాది సరిదిద్దుకునే వీలు ఉండదు.

ముందుగా జిల్లా సంగతి. ఏ జిల్లా విద్యాలయంలో ప్రవేశం కోరుతున్నారో ఆ జిల్లాలోనే అభ్యర్థి నివాసం ఉండాలి, అయిదో తరగతి కూడా ఆ జిల్లాలోని గుర్తింపు పొందిన బడిలోనే ఏడాది పొడవునా చదువుతూ ఉండాలి. రాష్ట్రం నడిమధ్యన ఉండేవారికి ఈ నియమంతో పెద్దగా ఇబ్బంది లేదు. పర్లాకిమిడిలో కాపురం ఉంటూ, తెలుగు చదువు కోసం పిల్లను పక్కనే ఉన్న పాతపట్నం బడికి పంపే కుటుంబానికి మాత్రం ఇది పెద్ద అడ్డంకి, ఎందుకంటే ఇల్లు గజపతి జిల్లాలోనూ బడి శ్రీకాకుళం జిల్లాలోనూ ఉన్న ఆ పిల్ల రెండు జిల్లాల్లో ఎక్కడా అర్హురాలు కాదు. గంజాం జిల్లా ఊళ్ల నుంచి ఇచ్ఛాపురం బడులకు వెళ్లే పిల్లల పరిస్థితి కూడా ఇదే. అందువల్ల నవోదయ ఆలోచన ఉన్నవారు నాలుగో తరగతి ముగిసే వేసవిలోనే ఇల్లూ బడీ ఒకే జిల్లాలో ఉండేలా చూసుకోవాలి. విద్యాసంవత్సరం మధ్యలో బడి మార్చడం వల్ల ప్రయోజనం లేదు.

పేరు మన ఊరి ప్రభుత్వ బడిలో ఉంచి, పిల్లవాడిని ఆంధ్ర వైపు కోచింగ్ హాస్టల్లో చేర్పించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దీనిని నేను గట్టిగా వద్దంటాను. దరఖాస్తుతో పాటు ప్రధానోపాధ్యాయుడు సంతకం చేసి ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి. పిల్లవాడు రాని బడి నుంచి ఆ పత్రం తీసుకోవడమంటే ఆ ఉపాధ్యాయుడిని, పిల్లవాడి భవిష్యత్తును ఒకేసారి ప్రమాదంలో పెట్టడమే. ప్రవేశం దొరికిన తరువాత కూడా సమాచారం తప్పని తేలితే సీటు రద్దవుతుంది. పైగా పదేళ్ల వయసులో నెలల తరబడి ఇంటికి దూరంగా ఉంచి రాత్రి దాకా చదివించడం వల్ల పిల్లలు చిక్కిపోతారు, చదువంటే విసుగు పుడుతుంది.

విద్యాలయంలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంతాల వారికి ఉంటాయి. ఆ కోటా కింద రావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు మూడూ గ్రామీణ ప్రాంతంలోని బడిలోనే పూర్తిగా చదివి ఉండాలి. మూడో తరగతి ఒక్క ఏడాది బరంపురంలో మేనమామ ఇంట్లో ఉండి చదివిన పిల్లవాడు, మిగిలిన రెండేళ్లు ఊళ్లోనే ఉన్నా, పట్టణ అభ్యర్థిగానే లెక్కకు వస్తాడు. సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకు ఉద్దేశించినవి కనుక, ‘ఆడపిల్లను హాస్టల్లో ఎలా ఉంచుతాం’ అన్న సంకోచంతో దరఖాస్తు మానుకోవద్దని కోరుతున్నాను.

పేర్ల విషయంలో మన ఇళ్లలో జరిగేది అందరికీ తెలిసిందే. తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడియా బడి రిజిస్టరులో అది చివరికి చేరుతుంది. కొన్నిసార్లు అసలు ఇంటిపేరు పోయి అన్నకు ‘రావు’, చెల్లెలికి ‘కుమారి’ ఇంటిపేర్లుగా స్థిరపడతాయి. ఆధార్‌లో ‘పైల జ్యోతి కుమారి’, రిజిస్టరులో ‘జ్యోతి కుమారి’, జనన ధ్రువపత్రంలో ‘పి. జ్యోతి’ అని ఉన్న పిల్ల ఒకే మనిషని తరువాత ఎవరికి నిరూపించాలన్నా కష్టమే. ఈ మూడు కాగితాలను పక్కపక్కన పెట్టి, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చి చూసి, తేడా ఉంటే వేసవి సెలవుల్లోనే దిద్దించుకోవాలి. పుట్టిన తేదీ మరీ ముఖ్యం: 2026 ప్రవేశాలకు 2014 మే 1 నుంచి 2016 జూలై 31 మధ్య పుట్టినవారే అర్హులు, ఏటా ఈ హద్దు మారుతుంది.

కుల ధ్రువపత్రం తాతల ఊరు టెక్కలిలోనో సోంపేటలోనో తీసుకున్నది ఉంటే సరిపోతుందనుకోవడం పొరపాటు. కేంద్ర ఓబీసీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఆంధ్రలో ఆ జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండకపోవచ్చు, ఉన్నా వేరే పేరుతో ఉండవచ్చు. తహసీల్ కార్యాలయంలో ముందే విచారించి, కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఇక్కడి అధికారి నుంచి పత్రం పొందాలి.

భాషను ఎంచుకోవడంలో అభిమానానికి తావివ్వకూడదు. దరఖాస్తులో ఎంచుకున్న భాషలోనే ప్రశ్నపత్రం మొత్తం వస్తుంది. వివరణ పత్రంలో రాష్ట్రాలవారీగా ఇచ్చిన భాషల జాబితా చూసి, పిల్లవాడు ఏ భాషలో తడుముకోకుండా చదవగలడో దానినే ఎంచుకోవాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లవాడికి అది చాలావరకు ఒడియాయే అవుతుంది. భాషా విభాగంలో నాలుగు గద్యభాగాలు, ఒక్కొక్క దానికి అయిదు ప్రశ్నలు ఉంటాయి, వాటిని నెమ్మదిగా చదివితే సమయం చాలదు. ఒడియాలో రాయబోయే పిల్లవాడికి తెలుగు గైడుతో లెక్కలు నేర్పేటప్పుడు మరొక జాగ్రత్త కావాలి. మనం క.సా.గు. అనేదాన్ని ఒడియా పుస్తకం ల.సా.గు. అంటుంది, మన గ.సా.భా. అక్కడ గ.సా.గు. అవుతుంది, ‘గు’ అంటే గుణిజం, ‘భా’ అంటే భాజకం అని చివరి అక్షరాన్ని బట్టి గుర్తుపట్టడం అలవాటైన పిల్లవాడు గ.సా.గు. చూసి గుణిజం కనుక్కుంటూ కూర్చుంటాడు. గైడు ఏదైనా, బడి పుస్తకంలోని మాటలతోనే లెక్కలు చెప్పాలి.

పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటల సమయం. అందులో సగం, అంటే 40 ప్రశ్నలు మేధాశక్తి విభాగానివి; గణితానికి 20, భాషకు 20. మేధాశక్తి విభాగమంతా బొమ్మలతోనే సాగుతుంది కాబట్టి ఏ మాధ్యమంలో చదివిన పిల్లవాడైనా దానిలో ఎవరికీ తీసిపోడు. దీనికి ఖరీదైన కోచింగ్ అక్కరలేదు. పాత వార్తాపత్రికను నాలుగు మడతలు పెట్టి, ఒక మూల కత్తెరతో చిన్న రంధ్రం చేసి, విప్పకముందే రంధ్రాలు ఎక్కడెక్కడ వస్తాయో కాగితం మీద గుర్తు పెట్టమని, తరువాత విప్పి చూసుకోమని చెప్పండి. అద్దంలో ప్రతిబింబం ప్రశ్నలకు గోడ మీది అద్దమే చాలు. రోజూ అరగంట ఇలా చేయిస్తే పిల్లలకు బొమ్మను మనసులో తిప్పి చూడడం అలవాటవుతుంది.

పరీక్ష సంక్రాంతి తరువాతే కదా అని ధీమాగా ఉండకూడదు. 2025 జనవరి 18న జరిగిన పరీక్ష, ఆ తరువాతి ప్రవేశాలకు అదే ఏడాది డిసెంబరు 13కే వచ్చింది. మన తీరానికి అక్టోబరు తుపానుల నెల కూడా. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు, ఫోను ఎంతకాలం లేకుండా పోయాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. దరఖాస్తు ఉచితమే కాబట్టి, అది తెరిచిన మొదటి వారంలోనే పూర్తిచేసి, రిజిస్ట్రేషన్ సంఖ్యను కాగితం మీద కూడా రాసిపెట్టాలి. ధ్రువపత్రాలను తడవని కవరులో భద్రపరచాలి. కార్తీకం నాటికి పాఠాలు ఒకసారి ముగించాలి.

సైనిక్ పాఠశాల పరీక్ష కూడా రాయించదలచినవారు దానిని నవోదయకు నకలు అనుకోవద్దు. ఆరో తరగతికి అక్కడ 125 ప్రశ్నలు, 300 మార్కులు, 150 నిమిషాలు. అందులో సగం మార్కులు గణితానివే. 67 శాతం సీట్లు సొంత రాష్ట్రం వారికి ఉండటం వల్ల అక్కడా నివాస ధ్రువపత్రమే కీలకం.

పరీక్ష ఉదయం 11.30కు మొదలవుతుంది కాబట్టి కొండ ఊళ్ల నుంచి వచ్చేవారు ఉదయం బస్సును నమ్ముకోక, ముందురోజు సాయంత్రానికే కేంద్రం దగ్గరి బంధువుల ఇంటికి చేరడం మేలు. ఓఎమ్‌ఆర్ పత్రం (జవాబుల గడులు నింపే కాగితం) మీద నీలం లేదా నలుపు బాల్‌పెన్నుతో దిద్దాలి. ఒకసారి దిద్దిన గడిని చెరపడం, వైట్‌నర్ పూయడం కుదరదు. బడిలో పెన్సిలుతో రాసే పిల్లలకు ఇది కొత్త కాబట్టి, గడులు గీసిన కాగితాల జిరాక్సులు ఇచ్చి నెలరోజుల ముందు నుంచే పెన్నుతో దిద్దించాలి. తప్పు సమాధానానికి మార్కులు కోయరు. చివరి పది నిమిషాల్లో తెలియని ప్రశ్నలకు కూడా ఏదో ఒక గడి దిద్ది, ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకుండా పత్రం ఇవ్వమని పిల్లలకు ముందురోజే మరొకసారి చెప్పండి.